లాగిన్ అయ్యాక అడిగిన పేజీకే ఎలా పంపాలి?

మాది నిడమనూరు. మిర్యాలగూడలో బస్సెక్కి నిడమనూరు టికెట్ అడిగారనుకోండి. డబ్బులు తీసుకుని, టికెట్ ఇచ్చి, మళ్లీ మిర్యాలగూడ బస్టాండ్‌లోనే దింపితే ఎట్లుంటది? చాలా వెబ్‌సైట్లు చేసే పని ఇదే.

మొన్న మా బాబాయికి ఒక అప్లికేషన్ లింక్ వచ్చింది. నొక్కితే లాగిన్ అడిగింది. ఓటీపీ కొట్టాడు. తీరా చూస్తే హోమ్ పేజీ! అప్లికేషన్ ఎక్కడుందో దొరక్క నాకు ఫోన్ చేశాడు. తప్పు ఆయనది కాదు, కోడ్ రాసేవాళ్లది.

ఇది సరిచేయడం కష్టమేం కాదు. లాగిన్ కానివాళ్లు ఒక పేజీ అడిగితే, సర్వర్ 302 అనే జవాబుతో లాగిన్ పేజీకి పంపుతుంది. పంపేముందు వాళ్లు అడిగిన అడ్రస్‌ను దాచిపెట్టాలి. దాచడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి, లాగిన్ లింక్ చివర తగిలించడం. జాంగోలో దాని పేరు 'నెక్స్ట్'. రెండోది, సెషన్‌లో పెట్టడం. లారావెల్ ఇట్లనే చేస్తది. లాగిన్ కాగానే ఆ అడ్రస్ తీసి అక్కడికి పంపేయాలి. ఏమీ లేకపోతేనే హోమ్ పేజీ.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. లింక్‌లో ఉన్న అడ్రస్‌ను ఎవరైనా మార్చొచ్చు. నా మొదటి ఉద్యోగంలో నేను దాన్ని చెక్ చేయకుండా వాడేశాను. మా సీనియర్ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే? మోసగాడు మన సైట్ లింకే పంపుతాడు, చివర తన సైట్ అడ్రస్ తగిలిస్తాడు. యూజర్ అసలు సైట్‌లోనే లాగిన్ అవుతాడు. తర్వాత అచ్చం మనలాంటి పేజీ తెరుచుకుని 'పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ కొట్టండి' అంటుంది. కొడితే పాస్‌వర్డ్ పోయినట్టే! దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు.

అందుకే ఆ అడ్రస్ మన సైట్‌దేనా అని తప్పకుండా చూడాలి. మొదట స్లాష్ ఉంటే చాలనుకోకండి. రెండు స్లాష్‌లతో మొదలైతే బ్రౌజర్ దాన్ని వేరే సైట్‌గా తీసుకుంటుంది. ఈ చెకింగ్ సొంతంగా రాయకుండా, ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన ఫంక్షనే వాడండి.

ఈరోజే మీ సైట్‌లో లాగౌట్ అయ్యి, లోపలి పేజీ లింక్ ఒకటి నొక్కి చూడండి. ఎక్కడ దిగారో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!