పాల లెక్క తర్వాత.. ముందు పెయ్య సుఖంగా ఈనాలి!

వారమంతా గచ్చిబౌలిలో కోడింగ్. శుక్రవారం రాత్రి అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్ మీదుగా మర్రిచెట్ల రోడ్డు పట్టానంటే చేవెళ్ల దగ్గర మా ఊరు. ఇంట్లో నాలుగు ఆవులు. శని, ఆదివారాలు పాలు పోసొచ్చే డ్యూటీ నాదే.

రెండేళ్ల కిందట మా తొలిచూలు పెయ్యకు హెచ్‌ఎఫ్ సూది వేయించాం. కృత్రిమ గర్భధారణను ఊళ్లో అట్లనే అంటాం. ‘పెద్దజాతి కోడె, పాలు దండిగొస్తయి’ అని నాయిన మురిసిపోయాడు. నెలలు నిండాక రాత్రంతా నొప్పులు. దూడ పెద్దది, దారి ఇరుకు. నలుగురం తాడు కట్టి లాగాం. దూడ చచ్చే పుట్టింది. తల్లి మూడు రోజులు లేవలేదు. ఆ ఈతలో పాలూ సరిగా ఇవ్వలేదు.

మేం ఎక్కడ తప్పామో తర్వాత తెలిసింది. ఏ కోడె సూది వేయించినా, ఈ ఈతలో వచ్చే పాలు తల్లివే. ఆమె జాతి, మేత, ఆరోగ్యాన్ని బట్టే ఉంటాయి. కోడె పాలగుణం కనిపించేది, పుట్టిన పెయ్యదూడ పెరిగి ఈనాక.. అంటే దాదాపు మూడేళ్లకు! ఇప్పుడు ముందుగా తేడా తెచ్చేది దూడ సైజే.

అసలు జాతి హెచ్‌ఎఫ్ దూడ పుట్టగానే దాదాపు 40 కిలోలు తూగుతుంది. జెర్సీ దూడ 25 కిలోల దగ్గరే. అందుకే విదేశాల్లో కోడెల కేటలాగ్‌లో పాల దిగుబడితో పాటు ‘కాల్వింగ్ ఈజ్’ లెక్క కూడా ఇస్తారు. ఆ కోడె దూడలు ఎంత సులువుగా పుడతాయో చెప్పే నంబర్ అది.

మరి మనమేం చేయాలి?

* సూది వేసే ముందు స్ట్రా మీద జాతి, కోడె నంబర్ చూడండి. దాని దూడలు ఊళ్లో ఎట్లా పుట్టాయో కనుక్కోండి.
* తొలిచూలుకు చిన్నజాతి కోడె మేలు.
* సెక్స్‌డ్ సెమెన్‌తో దాదాపు 90 శాతం పెయ్యదూడలే. మగదూడ కంటే కాస్త తేలిక కూడా.
* సంకరజాతి పెయ్య 250 కిలోలకు రాకముందే తొందరపడొద్దు.
* ఉమ్మనీటి సంచి కనిపించి గంటైనా దూడ కదలకపోతే, లాగకుండా పశువుల డాక్టర్‌ని పిలవండి. సంచార వైద్యానికి 1962.

పోయినేడు ఇంకో పెయ్య ఎదకొచ్చింది.

‘‘నాయినా, ఈసారి జెర్సీ వేయిద్దాం.’’

‘‘జెర్సీ దూడకు ఏం రేటొస్తదిరా?’’

‘‘పోయినసారి దూడకు ఎంతొచ్చింది?’’

నాయిన మళ్లీ మాట్లాడలేదు. జెర్సీనే వేయించాడు.

సుమారు 280 రోజుల తర్వాత, తెల్లారుజామున ఫోన్. ‘‘ఈనిందిరా. పెయ్యదూడ. తాడు అటక మీదనే ఉంది’’ అన్నాడు.

జున్ను కోసం శుక్రవారం దాకా ఆగలేకపోయా. ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టేశా!