నిప్పురవ్వకు అదను

కామారెడ్డి జిల్లా రామారెడ్డి ప్రాంతపు రైతులకు ‘అదను’ అనే మాటను వివరించవలసిన పని లేదు. పదును లేని నేలలో ముందే విత్తితే గింజ మొలకెత్తదు. కాలం మించిన తరువాత విత్తితే పైరు ఏపుగా ఎదగదు. విత్తనం మంచిదే, నేలా మంచిదే. తప్పింది అదను మాత్రమే. ఇంజనులో పుట్టే నిప్పురవ్వకు కూడా ఇటువంటి అదను ఉంది. బావి మీది ఇంజను మొరాయిస్తే మడికి నీరు ఆలస్యమవుతుంది. నడిసముద్రంలో పడవ మోటారు మొరాయిస్తే మనుషుల ప్రాణాలకే ముప్పు. అందువల్ల పాత పడవ మోటారు ఆధారంగా ఈ అదనును పరిశీలించడం సముచితం.

పడవ వెనుక అంచుకు బిగించి, అవసరమైనప్పుడు ఊడదీయగల యంత్రాన్ని ఔట్‌బోర్డు మోటారు అంటారు. నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909 ప్రాంతంలో ఇటువంటి మోటార్ల తయారీని వ్యాపారంగా చేపట్టి, వాటిని ప్రసిద్ధికి తెచ్చాడు. భారతదేశ తీరప్రాంతాల్లో 1980ల నుంచి సంప్రదాయ చేపల పడవలకు మోటార్లు అమర్చడం విస్తరించింది.

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి వస్తూ నొక్కుతుంది. ప్లగ్గు వద్ద పుట్టిన రవ్వ ఆ మిశ్రమాన్ని అంటిస్తుంది. అయితే మంట అంతటా వ్యాపించడానికి కొంత వ్యవధి కావాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో 50వ వంతు. అందులో 20 డిగ్రీల మేర తిరగడానికి పట్టేది సెకనులో 900వ వంతు మాత్రమే. కనుక పిస్టన్ శిఖరస్థానానికి చేరడానికి కొంచెం ముందుగానే రవ్వ పుట్టాలి. వేగం పెరిగేకొద్దీ మరింత ముందుగా పుట్టాలి.

పాత మోటార్లలో ఈ పనిని మాగ్నెటో నిర్వహిస్తుంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తీగచుట్ట పక్కగా తిరిగినప్పుడు విద్యుత్తు పుడుతుంది. ‘పాయింట్లు’ అనే రెండు లోహపు కొనలు విడివడిన క్షణంలో ఆ ప్రవాహం తెగి, అధిక వోల్టేజి ఏర్పడి, రవ్వ వెలువడుతుంది. పాయింట్లు విడివడే క్షణమే రవ్వకు అదను.

రవ్వ ఆలస్యమైతే మోటారు బలం తగ్గుతుంది, విపరీతంగా వేడెక్కుతుంది. రవ్వ మరీ ముందుగా పుడితే, స్టార్టు చేయడానికి లాగే తాడు ఒక్కసారిగా వెనక్కి గుంజి చేతికి గాయం చేయగలదు. లోపల టకటకమనే శబ్దం పుడుతుంది. ఆ స్థితి కొనసాగితే పిస్టన్ దెబ్బతింటుంది.

ఈ లక్షణాలు కనిపించిన వెంటనే టైమింగును కదిలించడం వివేకం కాదు. నిలవ ఉన్న పెట్రోలు, మసిబారిన ప్లగ్గు కూడా మోటారును కుంటుపరుస్తాయి. వాటిని ముందు సరిచూడాలి. ఆపై ప్లగ్గు తీగను తొలగించి, పాయింట్ల నడుమ ఎడాన్ని ఫీలర్ గేజితో కొలవాలి. అనేక పాత మోటార్లలో అది సుమారు 0.5 మిల్లీమీటర్లు, ఆ మోటారు తయారీదారు ఇచ్చిన కొలతే ప్రమాణం. ఎడం పెరిగితే పాయింట్లు ముందుగా విడివడతాయి. తగ్గితే ఆలస్యంగా విడివడతాయి. ఏళ్ల తరబడి రాపిడికి లోనైన భాగం అరిగి ఎడం తగ్గుతుంది. పాత మోటారులో రవ్వ ఆలస్యం కావడానికి ఇదొక ముఖ్యకారణం.

తరువాత ఫ్లైవీల్‌ను ఇరుసుపై కదలకుండా నిలిపే చిన్న లోహపు కీ నలిగిందేమో చూడాలి. వేగం పెంచే పిడితోపాటు మాగ్నెటో పలక కూడా తగినంత తిరుగుతున్నదో లేదో గమనించాలి. చివరగా టైమింగు లైటుతో ఫ్లైవీల్‌పై గుర్తులను సరిపోల్చాలి. ఈ పరీక్షకు మోటారును నీటిలో ఉంచే నడపాలి. నీరు లేకుండా నడిపితే చల్లబరిచే పంపు పాడవుతుంది. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. అనేకం ఒకేసారి మారిస్తే ఏది దోషమో, ఏది నివారణమో తెలియదు.

1970ల నుంచి ఎలక్ట్రానిక్ పరికరాలు వ్యాపించి, కొత్త మోటార్లలో క్రమంగా పాయింట్లు కనుమరుగయ్యాయి. డీజిల్ ఇంజనులో అయితే రవ్వే ఉండదు; ఇంధనం చిమ్మే క్షణమే అక్కడ అదను. సాధనాలు మారినా, సరైన క్షణాన్ని గుర్తించవలసిన అవసరం మాత్రం బావి గట్టు మీదా, కడలి మీదా ఒక్కటే.