పాత దూలము – వాష్‌బేసిన్ పలక

పాత పెంకుటిల్లు పడగొట్టునప్పుడు అన్నిటికంటె ముందు బేరమునకు వచ్చునది కలప. దూలములు, వాసములు, ద్వారబంధములు, తలుపు రెక్కలు లారీ కెక్కి పాత కలప అడితికి చేరును. వానిలో మేలైనవి కొత్త ఇండ్లలో కిటికీలుగా, గుమ్మములుగా మరల అవతరించును. పొడవు చాలనివి, మేకుల గాయములతో నిండినవి పొయ్యిలోనికి పోవును. ఈ రెంటికిని నడుమ ఇటీవల మూడవ దారి యొకటి ఏర్పడినది. స్నానపు గదిలో వాష్‌బేసినును నిలుపుటకు రాతిపలకకు మారుగా పాత కలపతో చేసిన పలకను కొందరు అమర్చుకొనుచున్నారు. ఇంటిని నిలుపుకొనలేకపోయినను, ఆ ఇంటి దూలములో ఒక ముక్క కొత్త ఇంట కంటికి కనబడుచుండవలెనని కోరుకొనుటలో వింత లేదు. అయితే స్నానపు గది యనగా నీరు. నీరనగా కలపకు గండమని మన నమ్మకము. కనుక ఖర్చు పెట్టుటకు ముందే "ఇది ఎన్నాళ్లు నిలుచును?" అను ప్రశ్న పుట్టుట సహజము.

సరిగా చేసినచో చాల ఏండ్లు నిలుచును. బొంబాయి రేవులో వాడియా కుటుంబమువారు టేకుతో కట్టి 1817లో నీట దింపిన 'ట్రింకోమలీ' అను యుద్ధనౌక నేటికిని ఇంగ్లండులోని హార్ట్‌లెపూల్ అను పట్టణమున నీటిపై తేలుచునే యున్నది. కలపను చెరచునది వట్టి తడి కాదు. ఒక ముఖము తడిసి రెండవది పొడిగా నుండుట, తడిసిన భాగము ఆరుటకు దారి లేకుండుట, ఉబ్బుటకును కుంగుటకును చోటు లేకుండ అన్ని వైపుల బిగింపబడుట – చేటు వచ్చునది ఈ దారులనే. స్నానపు గదిలో చెడిన పలకలను పరిశీలించినచో, పెక్కింటి విషయమున తప్పు కలపది కాదు, బిగించిన తీరుదని తేలును.

ఇందు మొదట వదలుకొనవలసిన అపోహ యొకటి కలదు. "నూరేండ్ల కలప, ఎండవలసినదంతయు ఎండినది, ఇక కదలదు" అని అడితివారును చెప్పుదురు, కొనువారును నమ్ముదురు. ఇది సగమే నిజము. కలప ఎంత పాతదైనను గాలిలోని తేమను పీల్చుచు, మరల వదలుచు నుండును. గాలిలో తేమ నూటికి 30 వంతులుండు వేసవిలో కలపలోని నీరు దాని పొడి బరువులో నూటికి సుమారు 6 వంతులకు దిగును. తేమ 80 వంతులుండు వానకాలములో 15, 16 వంతులకు ఎగబ్రాకును. పాత రేడియో పెట్టె మీది పలుచని కలప పొర ముసురు రోజులలో అంచున లేచుట చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కర లేదు.

ఈ ఉబ్బుట కుంగుట అన్ని దిక్కుల ఒకే తీరున ఉండదు. పొడవున కలిగెడి మార్పు లెక్కకు రానంత స్వల్పము. కదలిక యంతయు అడ్డుగనే. అందులోను మ్రాను నడిబొడ్డు మీదుగా, చెట్టు వలయములు పలక ముఖమునకు నిలువుగా ఉండునట్లు కోసినచో కదలిక తక్కువ. వలయములు పలక ముఖముతో పాటు పరచుకొని ఉండునట్లు కోసినచో దాదాపు రెండింతలు. 22 అంగుళముల వెడల్పుగల టేకు పలకను తీసికొందము. అది ఏడాదిలో నూటికి 4 వంతుల తేమను పీల్చి వదలిన, మొదటి రకపు కోతలో రెండు మిల్లీమీటర్లకు కొంచెము పైగాను, రెండవ రకములో నాలుగు మిల్లీమీటర్లకు పైగాను కదలును. నాలుగు మిల్లీమీటర్లేకదా అని తోచవచ్చును. ఆ నాలుగింటికి చోటీయని యెడల పలక తానే చీలి చోటు చేసికొనును.

మన పూర్వపు వడ్రంగులకు ఈ లెక్కలు తెలియకపోవచ్చును గాని సంగతి తెలియును. పాత తలుపు రెక్కను విప్పి చూడుడు. చుట్టును ఉన్న చట్రమును కూసములతో గట్టిగా బిగించిరి. నడుమనున్న పలకను మాత్రము గాడిలో ఊరక నిలిపిరి. దానికి జిగురు లేదు, మేకు లేదు. వానకాలములో అది గాడిలోపలికి ఉబ్బును, వేసవిలో వెనుకకు తగ్గును. తలుపు మాత్రము చెక్కుచెదరదు. వాష్‌బేసిన్ పలక చేయించువారు నేర్వవలసిన పాఠమంతయు ఆ గాడిలోనే ఉన్నది.

పాత టేకునకు ఇంత గిరాకి ఏలయన్న, దానికి కారణము వయస్సు మాత్రమే కాదు, పుట్టుక. కోస్తా జిల్లాల పాత ఇండ్లకు టేకు రెండు దారుల వచ్చినది. ఎగువ అడవుల మ్రానులు తెప్పలుగా కట్టబడి గోదావరి మీదుగా రాజమహేంద్రవరమునకు దిగెడివి. రెండవది బర్మానుండి సముద్రపు దారి. 1885లో బ్రిటిషువారు బర్మా రాజుతో చేసిన యుద్ధమునకు సాకుగా నిలిచినది టేకు కంపెనీ యొకదానిపై ఆ రాజు విధించిన జరిమానాయే. అటుపిమ్మట మన కోస్తా రేవులనుండి తెలుగువారు వేలకొలదిగ రంగూనుకు పోయిరి. కోరంగి రేవు పేరున అక్కడివారు వారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు. 1942 మార్చిలో జపానువారు రంగూనును పట్టుకొనుటతో ఆ రాకపోకలు తెగినవి. 2014 ఏప్రిల్ 1 నుండి మయన్మారు ప్రభుత్వము ముడి మ్రానుల ఎగుమతిని నిషేధించినది. ఆనాటి మ్రానులు అడవిలో నెమ్మదిగ పెరిగి చేవదేలినవి. తోటలలో పెంచి చిన్న వయసున నరికిన నేటి టేకులో చేవ తక్కువ, దాని చుట్టును ఉండు తెల్లని పొర ఎక్కువ. పురుగు పట్టునది ఆ తెల్లని పొరకే. పాత దూలమునందైనను అంచున తెల్లని పొర ఉన్నచో దానిని నిర్దాక్షిణ్యముగ కోసివేయవలెను.

పాత ఇంటి కలప యంతయు టేకు కాదు. నల్లమద్ది గట్టిదేగాని మెలి తిరుగు స్వభావము కలది. పనివాడు నేర్పరి యైననే దాని జోలికి పోవలెను. వేగిస అందమైన కలప, బలమైనది కూడ. కాని దాని రంగు నీటిలోనికి దిగును. వేగిస గిన్నెలో నీరుంచి త్రాగువారికి ఇది తెలిసినదే. తెల్లని పింగాణీ బేసిను ప్రక్కన ఆ రంగు మరకలు ఎవరికి ఇష్టము? తాటి దూలమునకు వెలుపలి పట్ట యినుమువంటిదైనను లోపల మెత్తన. దానినుండి పలక తీయవలెనను ఆశ మానుట మేలు. రైలు పట్టాల క్రింద పరచిన పాత స్లీపరు బద్దలను కొన్నిచోట్ల చవుకగా అమ్ముదురు. క్రియోసోట్ అను తారునూనె పట్టించిన బద్దలను ఇంటిలోనికి రానీయరాదు. ఆ నూనె కాన్సరు కలిగించు పదార్థము. ఎంత చిత్రిక పట్టినను లోపలినుండి ఊరుచునే యుండును.

ఇక ఏ ముక్కను కోయవలెననుటలో మా అభిప్రాయము సూటిగ చెప్పుదుము. చెక్కడపు పనిగల ద్వారబంధమును, నిండు పొడవున చెడకయున్న దూలమును వాష్‌బేసిన్ కొరకు ముక్కలు చేయుట అన్యాయము. అవి మరియొక ఇంట ద్వారబంధముగను, దూలముగను నిలువదగినవి. చివరలు పుచ్చినవి, విరిగినవి, కురుచవి, ఎవరికిని అక్కరకు రాక పొయ్యికి పోవునవి – పలకకు తగినవి ఇవియే. నాలుగడుగుల పలకకు నాలుగడుగుల బద్దలు చాలును గనుక దీనికి నిండు దూలము అక్కరయే లేదు.

కోతకు ముందు మేకులు తీయవలెను. అయస్కాంతము ఇనుమును పట్టునుగాని ఇత్తడి చీలను పట్టదు. లోహమును కనిపెట్టు చిన్న యంత్రముతో బద్దనంతయు రెండుమార్లు పరీక్షించుట మంచిది. ఒక్క విరిగిన మేకు కోతమిల్లు రంపమును పాడుచేయును. అందుచేతనే పాత కలప యనగానే మిల్లువారు మొగము చిట్లింతురు.

రంగు వేసిన తలుపులతో మరింత జాగ్రత్త. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షలకు 90 వంతులు మించరాదను నిబంధన మన దేశమున అమలులోనికి వచ్చినది 2017 నవంబరు 1న. అంతకు ముందటి ఆకుపచ్చ, నీలి రంగుల పొరలలో సీసము ఉండియే యుండునని తలచి మెలగవలెను. అట్టి రంగును గరుకు కాగితముతో పొడిగ రుద్దరాదు, మంటతో కాల్చరాదు. రంగును మెత్తబరచు మందు పూసి, తడిగ ఉండగనే గీకి, ఆ పొట్టును కాగితములో మూటగట్టి పారవేయవలెను. పిల్లలున్న ఇంట ఈ పని పెరటిలోనైనను చేయకుండుట మేలు. సీసపు ధూళి నేలనంటి చేతులద్వారా వారి నోటికి పోవును. వారి మెదడుకు అది చేయు కీడు తిరిగి సరిదిద్దరానిది.

కోసిన బద్దలను వెంటనే జోడింపరాదు. ఆరుబయట వానకు తడిసిన దూలము పైకి పొడిగ కనబడినను లోపల తడి ఉండవచ్చును. ఇంటిలోపల, నడుమ సన్నని పుల్లలు పెట్టి గాలియాడునట్లు పేర్చి నెల పైబడి ఉంచినచో అవి ఆ ఇంటి గాలికి అలవాటు పడును. వంగదలచినవి ఆలోగానే వంగును. పిమ్మట చిత్రిక పట్టి అంచులు సరిచేయవలెను. టేకులో సహజముగ నుండు నూనె జిగురును పట్టనీయదు. కనుక అతుకవలసిన అంచులను అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అసిటోనుతో తుడిచి, ఆలస్యము చేయక జోడింపవలెను. జిగురు తడికి కరగని జాతిదై యుండవలెను. ఒకటిన్నర అంగుళము మందమున, నాలుగైదు బద్దలు కలిపి 22 అంగుళముల వెడల్పు తెచ్చుట వాడుక. నాలుగడుగుల పొడవున ఇట్టి పలక సుమారు 17 కిలోలు తూగును. వంగకుండుటకని అడుగున అడ్డపట్టీలు బిగించి కదలిక నాపుట కొందరి అలవాటు. పలక చీలుటకు అంతకంటె దగ్గరి దారి లేదు.

మేకులు తీసిన బెజ్జముల చుట్టును నల్లని మరకలుండును. కలపలోని వగరునకు ఇనుము తగిలి ఏర్పడినవవి. కొందరు ఆక్సాలిక్ ఆమ్లముతో వానిని తొలగింతురు. మాకైతే అవి ఉండుటయే ఇష్టము. బెజ్జము నోటిలో నీరు నిలువకుండ ఎపాక్సీతో పూడ్చిన చాలును.

బేసినుకొరకు కోసిన రంధ్రపు అంచు, పలక రెండు కొనలు – నీరు దొంగచాటుగ దూరు చోట్లివి. చెట్టు బ్రతికియుండగ వేరునుండి ఆకునకు నీటిని మోసిన సన్నని గొట్టములు తెరచుకొనియుండునది అచ్చటనే. ముఖముకంటె ఈ కొనలు నీటిని అనేకరెట్లు వేగముగ పీల్చును. కావున పలుచని ఎపాక్సీని కొనలకు, రంధ్రపు అంచులకు, కుళాయి బెజ్జమునకు పీల్చినంత మేర రెండు మూడుమార్లు పట్టింపవలెను. తరువాత పలకనంతటిని పాలీయురేథేన్ వార్నిష్‌తో మూడు నాలుగు పూతలు వేయవలెను. పై ముఖమునకెన్ని పూతలో అడుగు ముఖమునకు నన్ని. కనబడని అడుగుకు పూత ఎందుకని పనివారు దాటవేయుదురు. అట్టి పలక కొద్ది నెలలలోనే పళ్లెమువలె వంగును. లక్క పాలిష్ ఇచ్చటికి పనికిరాదు. తడి గ్లాసు పెట్టిన చోటెల్ల తెల్లని మచ్చ పడును. ముందు అంచునకు అడుగున, ఎండచూరు క్రింద మేస్త్రీలు తీయు గాడివంటిది ఒకటి తీసినచో కారిన నీరు లోపలికి ప్రాకక అక్కడనే బొట్లుగ రాలును.

అమర్చుటలో అసలు గండమున్నది. గ్రానైటు పలకలకు అలవాటుపడిన చేతులు కలప పలకను కూడ గోడలో దూర్చి సిమెంటుతో కప్పివేయును. సిమెంటు తడిని పట్టియుంచును, కదలనీయదు. పైన చెప్పిన చేటులు రెండును ఒకేమారు చుట్టుకొనును. పలకను గోడకు బిగించిన స్టీలు బ్రాకెట్లపై నిలుపవలెను. గోడవైపున మామూలు బెజ్జములలో స్క్రూలు బిగింపవచ్చును. ముందువైపు బ్రాకెట్లలో మాత్రము గోడనుండి ముందునకు సాగిన పొడవాటి బెజ్జములు తీసి, వాషరుతో స్క్రూను వదులుగ ఉంచవలెను. అప్పుడు పలక ఏడాదికొకమారు ముందునకు నాలుగు మిల్లీమీటర్లు వచ్చి వెనుకకు పోయినను ఎవరికిని తెలియదు. గోడకు పలకకు నడుమ మూడు మిల్లీమీటర్ల సందు వదలి సిలికాన్‌తో నింపవలెను. నీటి గొట్టములు వంగునవిగ ఉండవలెను. స్క్రూలు ఇత్తడివో తుప్పుపట్టని ఉక్కువో కావలెను.

ఇంత చెప్పిన పిమ్మట ఒక మాట దాచుట తగదు. బకెట్టుతో నీళ్లు గుమ్మరించుకొని స్నానముచేయు చోటనే బేసిను కూడ ఉన్న ఇండ్లలో ఈ పలక వలదు, రాయియే ఉత్తమము. బేసిను స్నానపు చోటికి ఎడముగా నున్నచో, గదికి కిటికీయున్నచో, తడిని తుడుచు గుడ్డ అందుబాటులో ఉంచు అలవాటున్నచో కలప నిశ్చింతగ పెట్టుకొనవచ్చును. పాయిఖానాకు వాడు ఆమ్లపు మందును దాని దరికి రానీయరాదు. సబ్బు నీటితో తుడిచి పొడిగుడ్డతో ఒత్తిన చాలును. ఆరుమాసముల కొకసారి పలకపై నాలుగైదుచోట్ల, ముఖ్యముగ రంధ్రపు అంచున, నీటి బొట్టు నుంచి పదినిమిషములు చూడుడు. బొట్టు ముత్యమువలె నిలిచియున్నచో పూత బాగున్నది. పరచుకొని క్రింద కలప నల్లబడినచో ఆ చోటును బాగుగ ఆరనిచ్చి, గరుకు కాగితముతో తేలికగ రుద్ది, మరల రెండు పూతలు వేయవలెను.