కంప్యూటర్‌ను ముందు కాగితం మీద బిగించండి

బావి లోతు చూడకుండా మోటారు కొనే రైతు ఉండడు. నీరు ఎంత లోతున ఉంది, ఎన్ని ఎకరాలకు పారాలి, పైపు ఎంత సైజు, ఊళ్లో వోల్టేజి ఎలా ఉంది అని లెక్క చూసుకున్న తర్వాతే ఎన్ని హార్స్ పవర్ల మోటారు కావాలో తేల్చుకుంటాడు. అదే ఇంట్లో పిల్లల చదువుకో, మండల కేంద్రంలో చిన్న దుకాణానికో కంప్యూటర్ అవసరమైనప్పుడు మాత్రం ఈ లెక్క చాలామంది చూసుకోవడం లేదు. దుకాణదారు చూపించిందే కొని తెచ్చుకుంటున్నారు.

విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలనే ఉత్సాహం గ్రామీణ యువకుల్లో ఉంది. ఇది మంచిదే. ఏ భాగం చెడితే ఆ భాగమే మార్చుకోవచ్చు. ఒక్కొక్క భాగానికి విడిగా గ్యారంటీ ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత శక్తి చాలకపోతే మొత్తం పారవేయకుండా పెంచుకోవచ్చు. అయితే నల్గొండ జిల్లా పల్లెల నుంచి ఈ భాగాల కోసం సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి పోవాలంటే సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణం. ఒక్క భాగం పొసగకపోతే ఒక రోజు పని, రానుపోను చార్జీలు దండుగ. సీలు విప్పిన వస్తువును వెనక్కి తీసుకోవడానికి చాలా దుకాణాలు ఒప్పుకోవు. పంట అమ్మిన డబ్బుతో కొనేవారికి ఇది చిన్న నష్టం కాదు. అందుకే స్క్రూ డ్రైవర్ పట్టే ముందు కలం పట్టాలి.

పని ఏమిటో రాయండి

కాగితం మీద మొదటి వరుసలో రాయవలసింది కంప్యూటర్ చేయవలసిన పని. తెలుగు టైపు, సంఘం లెక్కలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పిల్లల పాఠాలు వంటి వాటికి 8 జి.బి. మెమరీ సరిపోతుంది. 16 జి.బి. ఉంటే కొన్నేళ్లు నిశ్చింత. ఇంజినీరింగు చదివేవారికి 16 జి.బి. ఉండడం మేలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి జీవనం సాగించాలనుకునే వారికి 32 జి.బి. మెమరీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరమవుతాయి. ఈ వరుస రాయకుండా దుకాణానికి పోతే టైపు పనికి వచ్చినవారు ఆటలాడే యంత్రం కొని తిరిగి వస్తారు.

ఇక్కడే మరో మాట. కేవలం టైపు, దరఖాస్తుల పని అయితే ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత కంప్యూటర్ చౌకగా దొరకవచ్చు. అటువంటిది కొనేవారు ఒక సంగతి చూసుకోవాలి. విండోస్ 10కు మామూలు భద్రతా సేవలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదవ తరం గాని, ఆపైది గాని అయి ఉండాలి. అంతకంటే పాతది కొంటే లినక్స్ వాడుకోవడానికి సిద్ధపడాలి.

భాగాలు ఎన్ని?

ముఖ్యమైన భాగాలు ఏడు. లెక్కలు చేసే ప్రాసెసర్. దాన్ని చల్లబరిచే ఫ్యాను, అంటే కూలర్. అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు. పని జరుగుతున్నంత సేపు సమాచారం పట్టి ఉంచే మెమరీ, అంటే ర్యామ్. శాశ్వతంగా దాచి ఉంచే ఎస్.ఎస్.డి.; కరెంటును తగిన వోల్టేజికి మార్చి అందించే ఎస్.ఎం.పి.ఎస్.; వీటన్నిటినీ ఇముడ్చుకునే క్యాబినెట్. వీటికి తోడు మానిటర్, కీబోర్డు, మౌస్, యు.పి.ఎస్. కావాలి.

వేర్వేరు కంపెనీలు చేసిన భాగాలు ఒకదానికొకటి అమరడానికి కారణం ఉమ్మడి కొలతలు. 1995లో ఇంటెల్ కంపెనీ ఎ.టి.ఎక్స్. అనే కొలతల పద్ధతి తెచ్చింది. బోర్డు సైజు, స్క్రూ రంధ్రాల స్థానం, కరెంటు కనెక్షన్ ఇప్పటికీ చాలావరకు ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. ఎ.టి.ఎక్స్. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. మైక్రో ఎ.టి.ఎక్స్. బోర్డు రెండు వైపులా 244 మిల్లీమీటర్ల లోపే. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది గాని, చిన్న క్యాబినెట్‌లో పెద్ద బోర్డు పట్టదు.

జత కుదరాలి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొనే ముందు అయిదు జతలు చూసుకోవాలి.

మొదటిది ప్రాసెసర్‌కు, బోర్డుకు జత. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఎ.ఎం.డి. కంపెనీవి ఎ.ఎం.4, ఎ.ఎం.5 సాకెట్లు. ఎ.ఎం.5 సాకెట్ 2022లో వచ్చింది. ఇంటెల్‌లో 12, 13, 14వ తరాల వాటికి ఎల్.జి.ఎ. 1700 సాకెట్. ఒక సాకెట్ ప్రాసెసర్ ఇంకొక సాకెట్‌లో కూర్చోదు. సాకెట్ ఒకటే అయినా పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు. బోర్డులోని బయాస్ అనే మూల ప్రోగ్రామును కొత్తది చేసి ఇవ్వమని దుకాణంలోనే అడగాలి.

రెండవది మెమరీకి, బోర్డుకు జత. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 మెమరీలు చూడడానికి ఒకేలా ఉంటాయి. రెండింటికీ 288 పిన్నులే. కాని మధ్యలో ఉండే గాటు స్థానం వేరు. బలవంతంగా నొక్కితే మెమరీ, బోర్డు రెండూ పాడవుతాయి. ఎ.ఎం.5 బోర్డులకు డి.డి.ఆర్.5 మాత్రమే పనికివస్తుంది. ఎల్.జి.ఎ. 1700 బోర్డుల్లో కొన్ని దీనికి, కొన్ని దానికి.

మూడవది బొమ్మ వచ్చే దారి. కొన్ని ప్రాసెసర్లలో బొమ్మ చూపే ఏర్పాటు లోపలే ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే ఆ ఏర్పాటు లేదని అర్థం. ధర కొంచెం తక్కువ కదా అని దాన్ని కొంటే గ్రాఫిక్స్ కార్డు కూడా కొనవలసి వస్తుంది. లేకపోతే యంత్రం నడుస్తున్నా తెర నల్లగానే ఉంటుంది.

నాలుగవది కూలర్. పెట్టెతో పాటు కూలర్ వస్తుందా, విడిగా కొనాలా అని అడగాలి. విడిగా కొనేది ఆ సాకెట్‌కు సరిపోవాలి, క్యాబినెట్ తలుపు మూసుకునే ఎత్తులో ఉండాలి.

అయిదవది ఎస్.ఎస్.డి. సన్నని పట్టీలా ఉండే ఎం.2 రకంలో ఎన్.వి.ఎం.ఇ., సాటా అని రెండు జాతులున్నాయి. బోర్డు ఏ జాతిని తీసుకుంటుందో దాని పుస్తకంలో రాసి ఉంటుంది.

డబ్బు లెక్క

కాగితం మీద ప్రతి భాగం పేరు, పూర్తి మోడల్ నంబరు, కనీసం రెండు చోట్ల ధర రాసుకోవాలి. కంప్యూటర్ విడిభాగాల ధరలు నిలకడగా ఉండవు. మెమరీ ధరలు 2025 చివరి నెలల్లో బాగా పెరిగిపోయాయి. అందుచేత నెల క్రితం ఎవరో చెప్పిన ధరను నమ్ముకొని బయలుదేరరాదు. మానిటర్, యు.పి.ఎస్., కీబోర్డు ఖర్చు మరిచిపోయి డబ్బంతా ప్రాసెసర్‌కే పెట్టడం మరో పొరపాటు. మొత్తంలో పదోవంతు చేతిలో మిగుల్చుకోవాలి.

పొదుపు చేయకూడని చోటు ఒకటుంది. అది ఎస్.ఎం.పి.ఎస్. ఇది నాసిరకమైతే దానితో పాటు మిగిలిన భాగాలు కూడా పోయే ప్రమాదం ఉంది. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు యంత్రానికి 450 వాట్ల మంచి రకం చాలు. అన్ని వాట్ల కరెంటు కాలుతుందని భయపడనవసరం లేదు. అది ఇవ్వగల శక్తి మాత్రమే, వాడే శక్తి కాదు. మానిటర్‌తో కలిపి 100 వాట్లు వాడే కంప్యూటర్ పది గంటలు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది.

కరెంటు సంగతి

పట్నంలో కంప్యూటర్ బిగించేవారు అంతగా ఆలోచించని విషయం ఇది. పల్లెలో ఇదే ముఖ్యం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజి పడిపోతుంది. ఆగినప్పుడు ఒక్కసారిగా లేస్తుంది.

భాగాలు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాలి. గోడకు మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఫేజుకు, ఎర్తుకు మధ్య మీటరు దాదాపు 230 వోల్టులు చూపాలి. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. ఎర్తు లేని ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోకుండా నీళ్లు పోస్తుండాలి.

యు.పి.ఎస్. మీద 600 వి.ఎ. అని ఉంటే దాని శక్తి సాధారణంగా 360 వాట్లు. మామూలు కంప్యూటర్‌కు ఇది చాలు. గంటల తరబడి నడవడానికి కాదు, చేస్తున్న పని భద్రపరచి యంత్రాన్ని ఆపడానికి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనుక ‘యు.పి.ఎస్.’ అని స్విచ్ ఉందేమో చూడండి. ఆ వైపు పెడితే కరెంటు పోయినప్పుడు త్వరగా మారుతుంది. ఉరుములు, మెరుపులు మొదలైతే ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా తీసివేయాలి. పిడుగు పోటు ఆ వైరు ద్వారా కూడా రావచ్చు.

కొనే రోజు

వీలైనంత వరకు అన్ని భాగాలూ ఒకేసారి కొనాలి. ఇవాళ ఒకటి, రెండు నెలలకు మరొకటి కొంటే మొదటి దాంట్లో లోపం ఉన్నట్టు ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికి మార్చి ఇచ్చే గడువు దాటిపోతుంది. జి.ఎస్.టి. బిల్లులో ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు రాయించాలి. బిల్లు లేని వస్తువుకు గ్యారంటీ అడగడం కష్టం. ఎల్.జి.ఎ. 1700, ఎ.ఎం.5 బోర్డుల సాకెట్‌లో సన్నని పిన్నులుంటాయి. దుకాణంలోనే మూత తీయించి అవి వంగలేదని చూసుకొని మళ్లీ మూయించాలి.

బిగించే క్రమం

పొడిగా ఉన్న చెక్క బల్ల, మంచి వెలుతురు, అయస్కాంతపు మొన ఉన్న స్టార్ స్క్రూ డ్రైవర్ ఉంటే చాలు. నైలాన్ దుస్తులు వేసుకోరాదు. భాగాలను తాకే ముందు పెయింటు లేని లోహాన్ని ముట్టుకోవాలి. ఒంట్లో చేరిన విద్యుత్తు అందులోకి పోతుంది. బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచి పని మొదలుపెట్టాలి.

ముందు ప్రాసెసర్. దాని మూలనున్న చిన్న త్రికోణం గుర్తు సాకెట్ మీది గుర్తుతో కలవాలి. పైనుంచి నొక్కరాదు, దానంతట అది కూర్చోవాలి. తర్వాత మెమరీ. బోర్డులో నాలుగు గాడులుండి రెండు ముక్కలు పెట్టేటట్టయితే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండవది, నాలుగవది వాడాలి. ‘టక్’మనే వరకు నొక్కాలి. ఆ తర్వాత ఎస్.ఎస్.డి., కూలర్. కూలర్ అడుగున ముద్ద ముందే పూసి ఉంటే మళ్లీ పూయనక్కరలేదు. లేకపోతే బఠాణీ గింజంత చాలు. కూలర్ ఫ్యాను వైరును బోర్డుకు తగిలించడం మరవరాదు.

ఇప్పుడే క్యాబినెట్‌లో పెట్టవద్దు. ఎస్.ఎం.పి.ఎస్. నుంచి 24 పిన్నుల వైరు, ప్రాసెసర్‌కు వేరుగా ఉండే 8 పిన్నుల వైరు బోర్డుకు కలిపి, క్యాబినెట్‌ను పక్కన ఉంచి దాని స్విచ్ వైరు తగిలించి ఒకసారి నడిపి చూడాలి. తెర మీద ప్రాసెసర్ పేరు, మెమరీ మొత్తం సరిగా కనిపిస్తే సగం గెలిచినట్టే. డి.డి.ఆర్.5 మెమరీ ఉంటే మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, కంగారు పడరాదు. అప్పటికీ వెలగకపోతే ప్లగ్గు తీసి మెమరీ సరిగా కూర్చుందో లేదో, 8 పిన్నుల వైరు తగిలిందో లేదో చూడాలి. తొలిసారి బిగించేవారి చిక్కుల్లో చాలావరకు ఈ రెండింటి దగ్గరే ఉంటాయి.

పరీక్ష నెగ్గిన తర్వాత ప్లగ్గు తీసి అన్నిటినీ క్యాబినెట్‌లోకి మార్చాలి. బోర్డు కింద ఇత్తడి మరలు బోర్డు రంధ్రాలకు ఎదురుగానే ఉండాలి. అదనంగా ఒక్కటి ఉన్నా బోర్డుకు తగిలి షార్టు కావచ్చు. ఒక హెచ్చరిక. ఎస్.ఎం.పి.ఎస్. మూత మాత్రం ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

చివరి మెట్టు ఆపరేటింగ్ సిస్టం. విండోస్ 11కు లైసెన్సు ఖర్చు లెక్కలో వేసుకోవాలి. లినక్స్ ఉచితం. అందులోని లిబ్రే ఆఫీసుతో ఉత్తరాలు, లెక్కలు తెలుగులోనే రాసుకోవచ్చు. దేనికైనా 8 జి.బి. పెన్‌డ్రైవ్ ఒకటి ముందే సిద్ధం చేసుకోవాలి.

పని పూర్తయ్యాక ఆ ప్రణాళిక కాగితాన్ని పారవేయకండి. భాగాల పేర్లు, కొన్న తేదీలు, గ్యారంటీ ముగిసే తేదీలు దాని మీదే రాసి బిల్లులతో కలిపి దాచండి. రేపు ఒక భాగం చెడితే ఏది కొనాలో అదే చెబుతుంది. ఊళ్లో ఇంకొకరు కంప్యూటర్ బిగించుకోవాలనుకుంటే వారికి ఆ కాగితమే మొదటి పాఠం.