కెమెరా బరువు మెడకెందుకు?

పాత రోజుల్లో బొగ్గు బాయి దిగే కార్మికుడు క్యాప్ ల్యాంప్ బ్యాటరీని ఎక్కడ పెట్టుకునేవాడో గోలేటిలో ఏ రిటైర్డ్ కార్మికుడినడిగినా చెప్తాడు. వెలుగు టోపీ మీద, రెండు కిలోలు దాటే లెడ్ యాసిడ్ బ్యాటరీ నడుము బెల్టుకు, మధ్యలో ఒక వైరు. షిఫ్టంతా ఆ బరువుతో వంగి, లేచి, నడిచి పనిచేయగలిగారంటే అది తుంటి మీద కూర్చోవడం వల్లే.

అదే గోలేటిలో పెండ్లిళ్లకు తిరిగే ఫొటోగ్రాఫర్లు మాత్రం అంతకన్నా ఎక్కువ బరువును మెడకు తగిలించుకుంటున్నారు. నికాన్ డి850 బాడీ బ్యాటరీతో కలిపి ఒక కిలో. దానికి 200-500 లెన్స్ బిగిస్తే ఇంకో 2.3 కిలోలు. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే సన్నటి బెల్టు ఇంత బరువును మెడ వెనక వేలెడు వెడల్పున నొక్కుతుంది. బరువు ఛాతీ ముందు వేలాడుతుంది కాబట్టి తల ముందుకు వాలకుండా మెడ కండరాలు గంటల తరబడి బిగుసుకునే ఉండాలి. మెత్త ఎంత మందంగా ఉన్నా ఆ లాగుడు తగ్గదు.

బెల్టును ఒక భుజం మీంచి వీపు మీదుగా అడ్డంగా వేసుకుంటే కెమెరా తుంటి పక్కకు వస్తుంది. స్లింగ్ బెల్టులన్నీ చేసే పని ఇదే. ఒకే కెమెరాతో తిరిగేవారికి నేనిదే చెప్తాను. తలంబ్రాల వేళ రెండు కెమెరాలు మార్చుకునేవారికైతే రెండు భుజాలకూ బరువు పంచే హార్నెస్ నయం. పెంచికల్‌పేట వైపు పాలరాపు గుట్ట దగ్గర పక్షుల కోసం అడవిలో నడిచేవారికి ఇంకో ఇబ్బంది. స్లింగ్‌కు వేలాడే పెద్ద లెన్స్ అడుగడుక్కీ ఊగి రాళ్లకు తగులుతుంది. చంక కిందనుంచి పోయే చిన్న పట్టీ ఉన్నది కొనండి. గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం కెమెరా సంచిలోనే ఉండాలి.

సుఖం కన్నా నాకు ఎక్కువ దిగులు అతుకుల గురించి. మంచి నైలాన్ పట్టీ తెగడం అరుదు. జారేది, ఊడేది దాన్ని కెమెరాకు కలిపే చోటే. చాలా స్లింగ్‌లు ట్రైపాడ్ రంధ్రంలో ఒక్క మరతో బిగుస్తాయి. నడకలో కెమెరా ఊగుతుంటే ఆ మర కొద్దికొద్దిగా వదులవుతుంది. రబ్బరు వాషర్ ఉండాలి, రోజూ పనికి ముందు వేళ్లతో బిగించి చూడాలి. దానికి తోడు కెమెరా బెల్టు కన్నానికి ఇంకో చిన్న తాడు వేయాలి, ఒకటి ఊడినా రెండోది ఆపుతుంది. పెద్ద లెన్స్ వాడేటప్పుడు బెల్టును బాడీకి కాదు, లెన్స్ కాలర్‌కు తగిలించాలి. లేకపోతే లెన్స్ బరువంతా మౌంట్ మీద పడుతుంది. బకిల్‌లోంచి తీసిన పట్టీ కొసను మళ్లీ వెనక్కి దూర్చాలి. అలా వదిలేస్తే బరువుకు మెల్లగా జారిపోతుంది.

ఎండాకాలం ఇక్కడ చెమట ధారగా కారుతుంది, దానికి బొగ్గు దుమ్ము అంటుకుంటుంది. ఆ గరుకు కుట్ల దగ్గర దారాలను అరగదీస్తుంది. సబ్బునీళ్లతో ఉతికి నీడన ఆరేయండి. పోగులు లేచిన పట్టీని మళ్లీ కుట్టించకుండా పారేయండి. సాగే రబ్బరు మెత్త దుకాణంలో హాయిగా అనిపిస్తుంది గానీ, నడుస్తుంటే కెమెరా పైకీ కిందికీ ఎగురుతుంది. వెడల్పైన, సాగని పట్టీయే మేలు.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ బరువైన లెన్స్ వెంట తీసుకెళ్లండి. తగిలించుకుని పావుగంట దుకాణంలోనే తిరగండి. వంగి చెప్పులు సర్దుకోండి, కెమెరా ముందుకు జారి నేలకు కొట్టుకోబోతే పొడవు తగ్గించి ఇంకోసారి వంగి చూడండి. కంటి దాకా ఎత్తినప్పుడు పట్టీ భుజం మీంచి మెడ వైపు జరిగితే అది మీ కొలత కాదు, ఇంకోటి అడగండి.