గృహనిర్మాణమున తగవులు – రైతు నష్టమును రాబట్టుకొను మార్గములు

సంఘమున అప్పు తీసికొన్నను, తీర్చినను మనము రసీదు లేనిదే కదలము. అట్టి మనమే, జన్మమున కొక్కమారు కట్టుకొను ఇంటి విషయమున మాత్రము లక్షల రూపాయలను నోటిమాటపై మేస్త్రీ చేతిలో పెట్టుచున్నాము. తగవు వచ్చిన పిమ్మట మనము నష్టపోవుచున్నది చట్టము లేకపోవుటచే గాదు. కాగితము లేకపోవుటచేతను, గడువు దాటుటచేతను.

ఒక రైతు కొన్నియేండ్ల కొబ్బరి దింపుల సొమ్ము కూడబెట్టి, ఇల్లు కట్టుమని కంట్రాక్టరునకు ముందుగా నిచ్చెననుకొందము. తొలి వానకే శ్లాబు కారెను. "పండుగ వెళ్లనిండు, వచ్చి బాగుచేసెదను" అని అతడు చెప్పుచుండును. ఈతడు మొగమోటమిచే ఊరకుండును. ఇట్టివానికి దారి యేమి?

1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము 73వ సెక్షను ప్రకారము, మాట తప్పినవాడు తన్మూలమున సహజముగా కలిగిన నష్టమును ఇచ్చుకొనవలయును. ముందుగా పైకము పుచ్చుకొని ఇంటి మరమ్మతు సరిగా చేయనివాడు, దానిని సరిచేయుటకగు ఖర్చు భరింపవలయునని ఆ సెక్షను క్రిందనే దృష్టాంతము కలదు. ఇల్లు ఫలానా తేదీకి అద్దెకీయవలసియున్నదని తెలిసియు, కూలిపోవునట్లు కట్టినవాడు పోయిన అద్దెను సైతము ఇచ్చుకొనవలయునని మరియొకటి కలదు. కావున ఇల్లు ఎప్పటికి, ఏ పనికి కావలయునో ఒడంబడికలోనే వ్రాయించుడు.

ఇట్టి దావాకు గడువు, 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి, ఒడంబడిక భంగమైన నాటినుండి 3 సంవత్సరములు. నోటి వాయిదాలవలన ఈ గడువు పెరుగదు. గడువు లోపల అతడు తన బాధ్యతను వ్రాతమూలకముగా ఒప్పుకొని సంతకము చేసినచో, అప్పటినుండి కొత్త గడువు మొదలగును. అదను దాటిన నాటు ఎట్టిదో, గడువు దాటిన దావాయు నట్టిదే.

సివిలు దావాయేగాక, 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. అయితే ఇచట గడువు 2 సంవత్సరములే. స్థలమిచ్చి, కట్టిన భవనములో వాటా పుచ్చుకొను యజమానియు, వ్యాపారమున భాగస్తుడు కానిచో, వినియోగదారుడేయని విశాఖపట్టణపు తగవొకదానిలో 2016వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను.

మనము కొనియిచ్చిన ఇనుము, సిమెంటు కంట్రాక్టరు తరలించుకొని పోయినచో, ఆ వస్తువులనో వాని వెలనో కోరుచు దావా వేయవచ్చును. పొరుగువాడు మన హద్దులోనికి గోడ జరిపినచో, వెంటనే సర్వే చేయించి, గోడ లేవకమునుపే న్యాయస్థానమునుండి నిలుపుదల ఉత్తరువు కోరవలయును. చూచుచు ఊరకున్నవానికి, గోడ పడగొట్టించుటకు బదులు పరిహారము మాత్రమే దక్కవచ్చును. బలవంతముగా స్వాధీనము తప్పించినచో, హక్కు రుజువుతో పనిలేకయే స్వాధీనము మరల పొందు దావాకు 6 మాసములు, హక్కును బట్టి వేయు దావాకు 12 సంవత్సరములు గడువు.

ఏ మార్గము పట్టినను, ఇల్లు సరిచేయకమునుపు ఛాయాచిత్రములు తీయించి, ఇంజనీరుచే అంచనా వేయించి, ప్రతివాదికి రిజిస్టరు తపాలలో నోటీసు పంపుడు. చూచుటకు కమీషనరును పంపుమని న్యాయస్థానమును కోరవచ్చును. అట్లని నష్టము పెరుగనిచ్చుటయు తగదు. ఆపదగిన నష్టమును ఆపనివానికి ఆ మేరకు పరిహారము తగ్గును. వ్రాత లేనివారును నిరాశ చెందవలదు. బ్యాంకు చెల్లింపులు, సాక్షులు సాక్ష్యమునకు అక్కరకు వచ్చును.

ఇరుపక్షములు సమ్మతించినచో లోక్ అదాలతులో రాజీ పడవచ్చును. అచటి తీర్పు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఉచిత న్యాయసహాయము కలదు. దానికై మండల న్యాయసేవా సంఘమునకు దరఖాస్తు చేయవలయును.

కలుపును మొదటనే తీసిన చేను దక్కును. సోదరులారా, పునాది త్రవ్వకముందే ఒడంబడిక వ్రాయించుడు; తగవు పుట్టిననాడే తేదీ గుర్తు పెట్టుకొనుడు.