ఎడారి లోయలో రంజాన్ పండుగ

మస్కట్‌లో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువారికి రంజాన్ పండుగ అంటే వరుసగా కొన్ని రోజుల సెలవు. పండుగ ఆ దేశం వారిది, సెలవు మాత్రం అందరిదీ! భార్యాబిడ్డలను ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లకు ఆ రోజులన్నీ గదిలో గడపడం ఆఫీసు పనికంటే కష్టం. అందుకే 2025లో పండుగ మర్నాడు, ఏప్రిల్ 1న, మేము ముగ్గురం ఒక కారు మాట్లాడుకుని వాదీ షాబ్‌కు బయలుదేరాము.

అరబ్బీలో వాదీ అంటే కొండల నడిమి లోయ. వాన వస్తే అదే ఏరు. మన రాయలసీమ వంకలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మస్కట్ నుంచి సూర్ వెళ్లే రోడ్డుమీద సుమారు 150 కిలోమీటర్లు పోతే తీవీ అనే ఊరు. దారిలో చాలాదూరం ఎడమవైపు సముద్రం, కుడివైపు గడ్డిపోచ కూడా లేని బోడికొండలు. అంత ఎండిన కొండల్లో ఇంత నీరు దాగి ఉందంటే కళ్లారా చూస్తేగాని నమ్మలేము. లోయ మొదట్లో, పెద్ద రోడ్డు వంతెన కిందనే, మడుగు. మనిషికి ఒక రియాలు తీసుకుని పడవలో అవతలి ఒడ్డున దించారు.

అక్కడినుంచి నడకే. కాసేపు ఖర్జూరపు తోటల నీడ, కాసేపు మాడ్చేసే బండరాళ్లు. పక్కనే కాలువలో నీళ్లు గలగలమంటూ మాతో వస్తున్నాయి. వీటిని ఫలజ్‌లంటారు. ఒమాన్‌లో ఇలాంటివి ఇప్పటికీ సుమారు మూడువేలు పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పూర్వం ఏ తోటకు ఎంతసేపు నీరు వదలాలో పగలు ఎండనీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి లెక్కకట్టేవారట. గడియారం లేకుండానే వంతు తప్పకుండా నీళ్లు పంచుకున్నారన్నమాట! కాలువ నీళ్ల కోసం గట్లమీద తలలు పగిలిన ఊళ్లవాళ్లం, మాకు ముచ్చట వేసింది.

ఒక తోటలో కొత్త తెల్ల అంగీ తొడుక్కున్న ముసలాయన కనిపించాడు. మేము “ఈద్ ముబారక్” అనగానే నవ్వి, హిందీలో పలకరించాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా ఆయన వేలెత్తి దూరపు కొండలను చూపించి, “బాబూ, నెత్తిమీద ఆకాశాన్ని చూసి నమ్మవద్దు. వాటిమీద మబ్బు కనిపిస్తే ఇక లోపల నిలవకండి” అన్నాడు.

ఆ మాట వట్టి పెద్దల చాదస్తం కాదు. ఎక్కడో కొండమీద వాన పడితే, ఇక్కడ చినుకైనా రాలకుండానే వరద వచ్చి పడుతుంది. రాతినేల నీటిని పీల్చుకోదు. ఇరుకు లోయలో తప్పుకునే చోటు ఉండదు. 2024 రంజాన్ సెలవులు ముగిసి బడులు తెరిచిన రోజునే, ఏప్రిల్ 14న, సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లల బండి వరదలో కొట్టుకుపోయి పదిమంది దాకా పసివాళ్లు చనిపోయారు. పండుగ బట్టలు ఇంకా మాయని రోజులు. మాలో ఇద్దరికి ఆ ఈడు పిల్లలున్నారు. ముగ్గురం మాట్లాడకుండా కొంతదూరం నడిచాము. మా తలల కంటే ఎంతో ఎత్తున, రాతిపగులులో ఒక ఖర్జూరపు మాను అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాన్ని అక్కడికి తెచ్చింది ఎవరో అడగనక్కరలేదు.

గంట నడిచాక పచ్చలు కరిగించి పోసినట్టు వరుసగా మడుగులు. ఈత వస్తేనే ముందుకు. చివర రెండు బండల నడుమ తల మాత్రం పట్టేంత సందు. మెడవరకూ నీళ్లలో మునిగి అందులోంచి దూరితే లోపల గుహ, గుహలో జలపాతం! గోదావరి గట్టున పుట్టిన మా మిత్రుడు చేపలా దూరిపోయాడు. నేను సందు దగ్గరే ఆగి, హోరు విని, కొండలమీదికి ఒకసారి చూసి వెనుదిరిగాను.

తిరుగుదారిలో ముసలాయన మమ్మల్ని వదలలేదు. చాపమీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, హల్వా, చిన్న గిన్నెల్లో ఏలకులు వేసిన కాఫీ పెట్టాడు. గిన్నెను అటూ ఇటూ ఊపితేగాని చాలన్నట్టు కాదు. అది తెలియక మా గోదావరి మిత్రుడు వరుసగా అయిదు గిన్నెలు తాగాడు. తరువాత షువా వచ్చింది. మసాలా పట్టించిన మాంసాన్ని అరటాకుల్లో చుట్టి, నిప్పుల గోతిలో పెట్టి, మట్టి కప్పి, ఒకటి రెండు రాత్రులు ఉంచి తీసే పండుగ వంటకం. మాలో శాకాహారి అయిన మూడో ఆయన మొగమాటంతో చేతులు జోడించాడు. ముసలాయన లేచి, లోపలినుంచి మరొక పళ్లెం నిండా హల్వా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.